పిల్లలకు తూకం పాఠం
(సంఘ సభ్యుల కుటుంబాలకు)

పశుపోషణ, మేత, వెన్న శాతం, లెక్కల పుస్తకాల గురించి పాఠాలు చాలా వచ్చాయి. ఈసారి మన ఇళ్ళలోని పిల్లల కోసం ఒక పాఠం ఇస్తున్నాము. ఇది బరువును పోల్చడం, కొలవడం, అంకెను సరిగా చదవడం గురించి.

పిల్లల చదువుకు పాల సంఘానికి ఏమి సంబంధమని ఎవరైనా అడగవచ్చు. చాలా సంబంధం ఉంది. జొన్నాడ వంటి ఊరిలో తెల్లవారుజామున పాలు పితికేది అమ్మానాన్నలైనా, కేంద్రానికి పాలు తెచ్చేవారిలో బడికి వెళ్ళే పిల్లలు ఉంటూనే ఉంటారు. కాటా మీద అంకె పడుతుంది, చీటీ చేతికి వస్తుంది. ఆ అంకెను ఇంట్లో చదివి చెప్పవలసింది ఆ పిల్లవాడే. పూటకు 100 గ్రాముల తేడా వస్తే రోజుకు 200 గ్రాములు, నెలకు 6 కిలోలు, సంవత్సరానికి 73 కిలోల పాలు. ఆ తేడా సభ్యునికి నష్టమైనా, సంఘానికి నష్టమైనా కనిపెట్టేది తూకం తెలిసిన కన్నే. తూకం తెలియని చోట అనుమానం పెరుగుతుంది. అనుమానం పెరిగిన సంఘం నిలవదు.

ఈ పాఠానికి కావలసిన సామగ్రి అంతా కోనసీమ ఇళ్ళలో ఉన్నదే. ఆరేడేళ్ళ పిల్లలతో మొదలుపెట్టి, మెట్టు మెట్టుగా పెద్ద తరగతుల వరకు తీసుకువెళ్ళవచ్చు.

మొదటి మెట్టు: చేతితో పోల్చడం

అంకెలతో మొదలుపెట్టరాదు. ముందు "ఏది బరువు, ఏది తేలిక" అన్న మాట పిల్లలకు పట్టుబడాలి. ఒక చేతిలో ఒలిచిన కొబ్బరికాయ, రెండవ చేతిలో దాని మీది పీచు పెట్టండి.

"ఏమ్మా, ఏది బరువు?"

"కాయ బరువు నాన్నా. కానీ పీచే పెద్దగా ఉంది."

ఈ సమాధానంలోనే సగం పాఠం ఉంది. పెద్దదిగా కనిపించేదల్లా బరువు కాదు. తరువాత చేతిని కూడా పూర్తిగా నమ్మరాదని చూపించాలి. ఒక పెద్ద సంచిలో కిలో తవుడు, ఇంకొక చేతికి కిలో ఉప్పు పొట్లం ఇవ్వండి. రెండూ కిలోయే అయినా పిల్లలు, పెద్దలు కూడా, ఉప్పు పొట్లమే బరువని అంటారు. ఒకే బరువు గల రెండింటిలో చిన్నది ఎక్కువ బరువుగా తోచడం మనిషి స్వభావం. ఈ సంగతిని 1891లోనే ఫ్రాన్సు దేశపు వైద్యుడు ఛార్పెంటియర్ ప్రయోగం చేసి ప్రకటించాడు. కనుక చేయి అబద్ధమాడగలదు, త్రాసు కావాలి అన్న అవసరం పిల్లలకు తమంతట తామే తెలియాలి.

రెండవ మెట్టు: కొబ్బరి చిప్పల త్రాసు

ఒక మూరెడు వెదురుబద్ద తీసుకుని సరిగ్గా మధ్యలో తాడు కట్టండి. రెండు చివరల ఒకే సైజు కొబ్బరి చిప్పలను మూడేసి తాళ్ళతో వేలాడదీయండి. ఇదే త్రాసు. ఏమీ వేయకముందు బద్ద సమంగా నిలవాలి. నిలవకపోతే తేలికగా ఉన్న వైపు కొద్దిగా బంకమట్టి అంటించి సమం చేయాలి. "ఖాళీ త్రాసు సమంగా ఉందా?" అన్నది పిల్లలకు మొదటి అలవాటు కావాలి. పెద్దయ్యాక ఎలక్ట్రానిక్ కాటా మీద సున్నా చూడడం కూడా ఇదే అలవాటు.

ఇంకొక పరీక్ష కూడా నేర్పండి. ఎడమ చిప్పలోని వస్తువును కుడివైపుకు, కుడివైపుది ఎడమకు మార్చి చూడాలి. త్రాసు మంచిదైతే అప్పుడు కూడా సమంగానే నిలుస్తుంది. బద్ద ఒక చేయి పొడవు, రెండవది పొట్టి అయితే మార్చిన వెంటనే దొంగతనం బయటపడుతుంది.

ఈ త్రాసుతోనే మరొక ముఖ్యమైన పాఠం చెప్పవచ్చు. రెండు బంకమట్టి ముద్దలు సమంగా తూచండి. ఒకదానిని అప్పడంలా వెడల్పుగా ఒత్తి, "ఇప్పుడు ఏది బరువు?" అని అడగండి. చిన్నపిల్లలు వెడల్పయిన దానినే చూపిస్తారు. మళ్ళీ తూచి చూపండి. ఆకారం మారినా బరువు మారదని పిల్లలకు సాధారణంగా తొమ్మిది, పది సంవత్సరాల వయసుకు గాని స్థిరపడదని స్విట్జర్లాండు మనస్తత్వ శాస్త్రజ్ఞుడు పియాజే చెప్పాడు. అందుచేత చిన్నవాడు తప్పు చెబితే కసరరాదు. మళ్ళీ తూచనివ్వాలి.

మూడవ మెట్టు: అందరికీ ఒకే కొలత ఎందుకు?

ఇప్పుడు ఒక అరటిపండును గోళీలతో తూచమనండి. ఒక పిల్లవాడు 22 గోళీలు అంటాడు, పక్కింటి పిల్ల 15 అంటుంది. ఇద్దరూ సరిగ్గానే తూచారు. గోళీలే వేరు. ఇద్దరి మధ్య తగవు తీరాలంటే ఇద్దరికీ ఒకే గోళీ కావాలి. ప్రామాణిక కొలత అంటే ఇంతకు మించి ఏమీ లేదు.

ఈ గోళీల తగవు ఒకప్పుడు మన దేశమంతటా ఉండేది. ఇంట్లో మామ్మనో తాతయ్యనో అడిగితే వీశె లెక్క చెబుతారు. కోస్తా జిల్లాల్లో 3 తులాలు ఒక పలం, 5 పలాలు ఒక ఏబలం, 10 పలాలు ఒక పదలం, 40 పలాలు ఒక వీశె, 8 వీశెలు ఒక మణుగు. వీశె అంటే ఇప్పటి లెక్కలో సుమారు 1 కిలో 400 గ్రాములు. మణుగు సుమారు 11 కిలోల 200 గ్రాములు. అదే ఉత్తరాదిలో మణుగు అంటే 37 కిలోల 320 గ్రాములు. పేరు ఒకటే, బరువు మూడు రెట్లకు పైగా తేడా. ఇక పాలు, ధాన్యం పరిమాణంతో కొలిచేవారు. 4 గిద్దలు ఒక సోల, 2 సోలలు ఒక తవ్వ, 2 తవ్వలు ఒక మానిక. ఊరు మారితే మానిక కూడా మారేది.

ఈ గందరగోళాన్ని తొలగించడానికే 1956లో పార్లమెంటు తూనికలు, కొలతల ప్రమాణాల చట్టం చేసింది. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చాయి. 1958 అక్టోబరు నుంచి కిలోగ్రాము దశలవారీగా అమలులోకి వచ్చింది. 1976లో కొత్త చట్టం, ఆ తరువాత 2009లో లీగల్ మెట్రాలజీ చట్టం వచ్చాయి. 2009 చట్టం 2011 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉంది. అయినా పాత మాట పూర్తిగా పోలేదు. ప్రమాణ తులం 11.66 గ్రాములైతే, నేడు బంగారం కొట్టులో తులం అంటే 10 గ్రాములని అనుకుంటున్నారు. మన గోదావరి జిల్లాల్లో కాసు అంటే 8 గ్రాములు. కనుక పాత పేరు విన్నప్పుడు "ఎన్ని గ్రాములు?" అని అడగడం పిల్లలకు నేర్పాలి.

జొన్నాడ వంతెన దాటి గౌతమి అవతలికి వెళితే రావులపాలెం అరటి మార్కెట్టు. అక్కడ గెలల లెక్కన బేరం సాగడం పిల్లలు చూసే ఉంటారు. చిన్న గెల ఒకటే, పెద్ద గెలా ఒకటే. లెక్కపెట్టడం వేరు, తూచడం వేరు అని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు.

నాలుగవ మెట్టు: గ్రాము, కిలోగ్రాము

ఇప్పుడు ప్రమాణాన్ని చేతికి ఇవ్వండి. 1000 గ్రాములు ఒక కిలోగ్రాము. 100 కిలోలు ఒక క్వింటాలు. 1000 కిలోలు ఒక టన్ను. బట్టీ పట్టించడం కంటే చేతికి పరిచయం చేయడం మేలు. సంఘంలో ముద్ర వేసిన రాళ్ళు ఉంటే వాటితో ఇసుక తూచి 50, 100, 200, 500 గ్రాములు, 1 కిలో చొప్పున చిన్న గుడ్డసంచులు కుట్టి ఇవ్వండి. ఇవి ఇంటి రాళ్ళు. వ్యాపారానికి పనికిరావు గాని చదువుకు చాలును.

50 గ్రాముల సంచి పాడి ఇంటిలో ఎంతో ఉపయోగం. పాలిచ్చే గేదెకు రోజుకు ఇవ్వవలసిన ఖనిజ లవణ మిశ్రమం సుమారు అంతే. చాలా ఇళ్ళలో "ఒక గుప్పెడు" వేస్తారు. అమ్మ గుప్పెడు, నాన్న గుప్పెడు, పిల్లవాడి గుప్పెడు తూచి చూడండి. మూడూ మూడు రకాలు. 50 గ్రాములు తూచి, అది ఏ గరిటెకు ఎంతవరకు వస్తుందో గుర్తు పెట్టుకుంటే ఆ గరిటె ఇక కొలత అవుతుంది.

అట్లే దాణా డబ్బా. ఒక డబ్బా నిండా తవుడు తూచండి. అదే డబ్బా నిండా తెలగపిండి గాని, వేరుశనగ చెక్క గాని తూచండి. డబ్బా ఒకటే, బరువు వేరు. 6 లీటర్ల పాలిచ్చే గేదెకు శరీర పోషణకు 2 కిలోలు, ప్రతి 2 లీటర్ల పాలకు 1 కిలో చొప్పున మొత్తం 5 కిలోల దాణా అవసరమని సాధారణంగా చెబుతారు. "రెండు డబ్బాలు వేశాను" అన్న మాట వల్ల గేదెకు ఎంత అందిందో తెలియదు. పిల్లవాడు తూచి డబ్బా మీద రంగుతో గీత గీస్తే ఆ ఇంటికి నిజంగా మేలు జరుగుతుంది.

అయిదవ మెట్టు: ముందు అంచనా, తరువాత తూకం

పిల్లల చేత మూడు గడుల పట్టిక గీయించండి: వస్తువు, నా అంచనా, తూకం. కొబ్బరికాయ, అరటి హస్తం, పలకల సంచి, గడ్డిమోపు, నీళ్ళ చెంబు, ఏదైనా సరే. అంచనా వేయకుండా తూచనివ్వరాదు. వారం రోజులలో అంచనాకూ తూకానికీ తేడా తగ్గుతుంది. ఆ తరువాత కాటా మీద అసంభవమైన అంకె పడితే పిల్లవాడే "ఇది ఇంత ఉండదు" అంటాడు. అంకెను గుడ్డిగా నమ్మకుండా ఉండడమే ఈ మెట్టు ప్రయోజనం.

ఆరవ మెట్టు: పాత్ర బరువు, పాయింటు తరువాతి అంకెలు

పాలను పాత్ర లేకుండా తూచలేము. కనుక పాత్రతో సహా వచ్చిన బరువులోంచి ఖాళీ పాత్ర బరువు తీసివేయాలి. పాలతో క్యాను 6 కిలోల 250 గ్రాములు, ఖాళీ క్యాను 1 కిలో 100 గ్రాములు అయితే పాలు 5 కిలోల 150 గ్రాములు. కాటాకు టేర్ మీట ఉంటే ఖాళీ పాత్ర పెట్టి ఆ మీట నొక్కగానే సున్నా వస్తుంది. పాలు పోయకముందు సున్నా చూడడం సభ్యుని హక్కు. చూపించడం కార్యదర్శి విధి.

ఇక ఎక్కువగా పొరపాటు జరిగేది పాయింటు దగ్గర. 4.5 కిలోలు, 4.05 కిలోలు, 4.005 కిలోలు పిల్లలకు ఒకేలాగా కనిపిస్తాయి. మొదటిది 4 కిలోల 500 గ్రాములు, రెండవది 4 కిలోల 50 గ్రాములు, మూడవది 4 కిలోల 5 గ్రాములు. కొందరు పిల్లలు 4.15 ను "నాలుగు పాయింటు పదిహేను" అని చదివి, అది 4.5 కంటే పెద్దదనుకుంటారు. దీనికి సులువైన మార్గం ఉంది. పాయింటు తరువాత ఎప్పుడూ మూడు అంకెలు రాయమనండి. 4.500, 4.150, 4.050, 4.005. అప్పుడు పాయింటు తరువాతి మూడు అంకెలూ గ్రాములే. ఏది పెద్దదో అడగనక్కరలేదు.

ఏడవ మెట్టు: లీటరు వేరు, కిలో వేరు

తనిఖీలకు వెళ్ళినప్పుడు మేము తరచు వినే ఫిర్యాదు ఇది: "మా పాలు 10 లీటర్లు పోశాము, కాటా మీద 10.3 వచ్చింది, చీటీలో 10 అని రాశారు." ఇందులో మోసం ఉండనక్కరలేదు. లీటరు పరిమాణానికి, కిలో బరువుకు కొలత. లీటరు నీళ్ళు దాదాపు కిలో తూగుతాయి. ఫ్రాన్సులో 1795లో గ్రాముకు నిర్వచనం చెప్పినప్పుడు నీటినే ఆధారంగా తీసుకున్నారు. పాలు నీటికంటే కొద్దిగా బరువు. లీటరు పాలు సుమారు 1.03 కిలోలు. కనుక 10 లీటర్లు 10.3 కిలోలు. 10 కిలోలైతే 9.7 లీటర్లు.

పిల్లల చేత ఇది చేయించండి. ఒకే లీటరు కొలతతో ముందు నీళ్ళు, తరువాత పాలు తూచమనండి. 30 గ్రాముల తేడా కళ్ళారా చూస్తారు. లాక్టోమీటరు పాలలో తేలడం కూడా ఈ బరువును బట్టే. నీళ్ళు కలిస్తే అది కిందికి దిగుతుంది.

ఈ తేడాకు డబ్బుతో సంబంధం ఉంది. వెన్న శాతం బరువు మీద లెక్కిస్తారు. 7 శాతం వెన్న గల 10.3 కిలోల పాలలో వెన్న 721 గ్రాములు. అదే పాలను 10 కిలోలుగా లెక్కవేస్తే 700 గ్రాములు. రోజుకు 21 గ్రాములు, నెలకు 630 గ్రాముల వెన్న తేడా. అందుచేత చీటీలో లీటర్లా, కిలోలా అన్నది సభ్యులు తప్పక చూడాలి. లెక్క ఏ కొలత మీద కట్టారో అడిగి తెలుసుకోవాలి. పిల్లలకు చూపించేటప్పుడు వెన్న పరీక్షలో వాడే గంధకికామ్లానికి మాత్రం దూరంగా ఉంచాలి.

ఎనిమిదవ మెట్టు: టేపుతో దూడ బరువు

ఇది హైస్కూలు పిల్లలకు. దూడను కాటా మీద పెట్టలేము గాని టేపుతో అంచనా కట్టవచ్చు. ముందుకాళ్ళ వెనుకగా ఛాతీ చుట్టుకొలతను, భుజం మొన నుంచి పిరుదు చివరి వరకు పొడవును అంగుళాలలో తీసుకోవాలి. చుట్టుకొలతను చుట్టుకొలతతో గుణించి, దానిని పొడవుతో గుణించి, 660 చేత భాగిస్తే బరువు కిలోలలో వస్తుంది. చుట్టుకొలత 36, పొడవు 33 అంగుళాలు అనుకోండి. 36ను 36తో గుణిస్తే 1296. దానిని 33తో గుణిస్తే 42,768. 660 చేత భాగిస్తే సుమారు 65 కిలోలు.

ఇది అంచనాయే, తూకం కాదు. అయినా ఏలికపాముల మందు మోతాదు దూడ బరువును బట్టి ఉంటుంది. పశువైద్యుడు "బరువెంత?" అని అడిగినప్పుడు "ఇంత ఎత్తుంది" అని చేయి చూపించడం కంటే 65 కిలోలని చెప్పడం ఎంతో నయం. తక్కువ మందు వేస్తే పురుగు చావదు, ఎక్కువైతే దూడకు ప్రమాదం. పుట్టిన దూడకు రోజుకు దాని బరువులో పదవ వంతు పాలు అవసరం. 30 కిలోల దూడకు 3 కిలోల పాలు. ప్రతి పదిహేను రోజులకు పిల్లవాడు కొలిచి రాస్తే దూడ పెరుగుతున్నదో లేదో పుస్తకమే చెబుతుంది.

ద్రవ్యరాశి, బరువు

బడి పుస్తకంలో "ద్రవ్యరాశి" అన్న మాట చూసి పిల్లలు తికమకపడతారు. వస్తువులో ఎంత పదార్థం ఉన్నదో అది ద్రవ్యరాశి. భూమి దానిని ఎంత బలంగా లాగుతున్నదో అది బరువు. 2023 ఆగస్టు 23న మన చంద్రయాన్-3 చంద్రుని మీద దిగింది. అక్కడ లాగుడు భూమి మీద ఉన్నదానిలో ఆరవ వంతు. కిలో ఉప్పు పొట్లం అక్కడకు తీసుకువెళితే ఉప్పు తగ్గదు, లాగుడు తగ్గుతుంది. స్ప్రింగు కాటా తక్కువ చూపుతుంది. రెండు చిప్పల త్రాసు మాత్రం అక్కడ కూడా కిలోకు కిలోయే చూపుతుంది, ఎందుకంటే రెండువైపులా లాగుడు సమంగానే తగ్గుతుంది. బజారులో మనం బరువు అనేది శాస్త్రంలోని ద్రవ్యరాశినే. ఈ మాత్రం చెబితే చాలును.

కిలోగ్రాముకు మూలం ఎక్కడుందని కూడా పిల్లలు అడుగుతారు. 1889 నుంచి ఫ్రాన్సులో భద్రపరచిన ప్లాటినం-ఇరిడియం దిమ్మయే ప్రపంచానికి కిలో. దాని నకళ్ళలో 57వ సంఖ్య గలది న్యూఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలలో ఉంది. 2019 మే 20 నుంచి దిమ్మను విడిచి, ప్రకృతిలోని మార్పులేని ఒక స్థిరాంకం ఆధారంగా కిలోను నిర్వచిస్తున్నారు. అక్కడినుంచి మెట్లు మెట్లుగా దిగివచ్చిన కొలతే తూనికల శాఖవారి రాళ్ళ ద్వారా మన కేంద్రం కాటాకు చేరుతుంది.

సంఘాలు చేయవలసినది

పాలక వర్గం వారు నెలకు ఒక ఆదివారం, పాల సేకరణ ముగిసిన తరువాత అరగంట పిల్లలకు కేటాయించాలి. కాటా సున్నా చూపించాలి. ముద్ర ఉన్న రాయి పెట్టి అంకె సరిపోతున్నదో చూపించాలి. కాటా మీద తూనికల శాఖ ముద్ర, గడువు ఎక్కడ ఉన్నాయో పిల్లల చేతనే వెదికించాలి. ఎలక్ట్రానిక్ కాటాకు సంవత్సరానికి ఒకసారి, ఇనుప రాళ్ళకు రెండు సంవత్సరాలకు ఒకసారి తిరిగి ముద్ర వేయించాలి. గడువు దాటిన కాటాను పిల్లల ముందు పెట్టడానికి ఏ కార్యదర్శికీ మనసొప్పదు. ఆ విధంగా కూడా ఈ పాఠం సంఘానికి మేలే చేస్తుంది. పాలు తెచ్చే పని వల్ల పిల్లల బడి వేళ తప్పకుండా చూడడం తల్లిదండ్రుల బాధ్యత.

అభ్యాసం

1. 3.050 కిలోలు, 3.5 కిలోలు: ఏది ఎక్కువ? ఎంత?
2. పాలతో బిందె 8.400 కిలోలు, ఖాళీ బిందె 1.250 కిలోలు. పాలు ఎంత?
3. 20 లీటర్ల పాలు సుమారు ఎన్ని కిలోలు?
4. ఆ పాలలో వెన్న 6 శాతమైతే వెన్న ఎంత?
5. మామ్మ "రెండు వీశెల బెల్లం" అంటే సుమారు ఎంత?

జవాబులు: 1. 3.5 కిలోలు, 450 గ్రాములు ఎక్కువ. 2. 7.150 కిలోలు. 3. 20.6 కిలోలు. 4. 1 కిలో 236 గ్రాములు. 5. 2 కిలోల 800 గ్రాములు.

జవాబులను చేతితో కప్పిపెట్టి ముందు పిల్లల చేత చేయించండి. పెద్దలు కూడా ఒకసారి చేసి చూడవచ్చును.